ఎంట్రోపీతో జీవితాన్ని కొలవవచ్చా? ష్రోడింగర్ ఉపన్యాసాలు, వాటి చుట్టూ తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ విద్యార్థులకు ఉష్ణగతికశాస్త్రం రెండో నియమం (బయటితో ఏ లావాదేవీ లేని వ్యవస్థలో ఎంట్రోపీ తగ్గదన్నది) చెప్పి సుద్దముక్క కింద పెట్టగానే ఎవరో ఒకరు లేచి, "మరి ప్రాణులు దీనికి లొంగవా సార్?" అని అడుగుతారు. అక్కడి నుంచి చర్చ పరిణామం మీదికి, ముసలితనం మీదికి, వేదాంతం మీదికి, చివరికి డబ్బు మీదికి పోతుంది. ఏటా అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టవచ్చు. ఒకటి అర్థం కావడానికి ఇంకొకటి చదివి ఉండనక్కరలేదు.

## మొదలుపెట్టే ముందు

క్వాంటం సిద్ధాంతం చేసుకునే ష్రోడింగర్ జీవం జోలికి ఎందుకు వెళ్లారు?

ఉద్యోగంలో భాగంగా ఇవ్వాల్సిన బహిరంగ ఉపన్యాసాలు అందుకు తక్షణ కారణం. 1933లో డిరాక్‌తో కలిసి నోబెల్ అందుకున్న ఎర్విన్ ష్రోడింగర్, 1938లో ఆస్ట్రియా నాజీల వశమయ్యాక దేశం విడిచారు. తానూ లెక్కల మాస్టారుగా పనిచేసిన ఐర్లాండ్ ప్రధాని డి వలేరా ఆయనను డబ్లిన్‌కు రప్పించుకున్నారు. అక్కడి ఉన్నత అధ్యయన సంస్థ తరఫున 1943 ఫిబ్రవరిలో ట్రినిటీ కళాశాలలో ఇచ్చిన ఉపన్యాసాలే మరుసటి ఏడాది 'వాట్ ఈజ్ లైఫ్?' అనే చిన్న పుస్తకంగా వచ్చాయి. విషయం కష్టమైనదని ముందే హెచ్చరించినా, వచ్చిన దాదాపు 400 మంది పెద్దగా తగ్గలేదని ఆయనే రాసుకున్నారు.

అసలు కారణం ఇంకా పాతది. ష్రోడింగర్ వియన్నా విశ్వవిద్యాలయంలో చేరింది 1906 శరదృతువులో. ఎంట్రోపీకి అణువుల లెక్కతో అర్థం చెప్పిన బోల్ట్‌జ్‌మన్ ఆ సెప్టెంబరులోనే ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన పీఠానికి వచ్చిన హాజెనోర్ల్ దగ్గర ష్రోడింగర్ చదువుకున్నారు. గుంపులుగా ఉన్న అణువుల గురించి ఆలోచించడం ఆయనకు ఆ బడిలో అబ్బిన విద్య.

అంతకుముందు ఎవరూ ఈ పని చేయలేదా?

చేశారు. నిజానికి శక్తి నిత్యత్వ నియమం పుట్టుకలోనే మనిషి శరీరం ఉంది. 1840లో జర్మన్ వైద్యుడు యూలియస్ మేయర్ ఓడ వైద్యుడిగా జావాకు వెళ్లారు. అక్కడ నావికుల సిరల నుంచి తీసిన రక్తం ఐరోపాలో చూసినదానికంటే ఎర్రగా కనిపించింది. ఉక్క ప్రాంతంలో ఒంటిని వెచ్చగా ఉంచడానికి శరీరం తక్కువ ఆహారాన్ని మండిస్తే చాలు, అందుకే ప్రాణవాయువు మిగిలిపోతోంది అని ఆయన ఊహించారు. ఆహారం, వేడి, పని ఒకే ఖాతాలోని పద్దులన్న ఆలోచన అక్కడ మొదలై 1842 నాటి వ్యాసానికి దారితీసింది.

ఆ తర్వాత 1886లో బోల్ట్‌జ్‌మన్ వియన్నాలో చేసిన ప్రసంగంలో, ప్రాణుల పోరాటం ముడిపదార్థాల కోసమో శక్తి కోసమో కాదు, వేడి సూర్యుడి నుంచి చల్లని భూమికి శక్తి వచ్చే దారిలో దొరికే ఎంట్రోపీ తేడా కోసం అన్నారు. ష్రోడింగర్ వాదనకు విత్తనం ఇదే.

ఎంట్రోపీ అంటే గందరగోళమేనా? మా గది చిందరవందరగా ఉంటే ఎంట్రోపీ పెరిగినట్టేనా?

పెరిగినట్టు కాదు. బయటికి ఒకేలా కనిపించే స్థితిని లోపలి అణువులు ఎన్ని రకాలుగా ఏర్పరచగలవో, ఆ సంఖ్యకు లాగరిథమే ఎంట్రోపీ. వియన్నాలో బోల్ట్‌జ్‌మన్ సమాధి మీద చెక్కిన 'ఎస్ = కే లాగ్ డబ్ల్యూ' చెప్పేది అదే: ఎస్ ఎంట్రోపీ, డబ్ల్యూ ఆ సంఖ్య, కే ఒక స్థిరాంకం.

లెక్క వేసి చూడండి. వెయ్యి పుస్తకాలున్న అలమరలో వరస మొత్తం చెదిరిపోతే, ఏ వరసలో ఉన్నాయో చెప్పడానికి సుమారు 8,500 బిట్ల సమాచారం కావాలి. ఒక గ్లాసు నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కితే పెరిగే ఎంట్రోపీని అదే బిట్లలో చెప్పాలంటే 2 పక్కన 23 సున్నాలు పెట్టినా చాలదు. గది సర్దే మనిషి ఒంటి వేడి ముందు గది చిందరవందర లెక్కలోకే రాదు.

## ఉపన్యాసం లోపలికి వెళ్లాక

ప్రాణులు రెండో నియమాన్ని ధిక్కరిస్తున్నాయా?

లేదు. ఎంట్రోపీ తగ్గకూడదన్న ఆంక్ష బయటితో ఏ లావాదేవీ లేని వివిక్త వ్యవస్థకే. మనిషి అలాంటివాడు కాదు. రోజుకు 2,000 కిలో కేలరీలు తినేవారి ఒంట్లో ఆ శక్తి దాదాపు అంతా చివరికి వేడిగానే బయటికి పోతుంది. దాన్ని 86,400 సెకన్లకు పంచితే సుమారు 97 వాట్లు. అంటే ప్రతి సెకనూ మనం పరిసరాల ఎంట్రోపీని కెల్విన్‌కు దాదాపు మూడోవంతు జౌల్ చొప్పున పెంచుతున్నాం. లోపల ఎంత క్రమం నిలుపుకున్నా, బయట పెంచేది అంతకంటే ఎక్కువ.

ఇంకో లెక్క చాలామందికి నమ్మబుద్ధి కాదు. కిలో బరువుకు ఎంత వేడి అని చూస్తే సూర్యుడి కంటే మనిషి కొన్ని వేల రెట్లు ఎక్కువ విడుదల చేస్తాడు. సూర్యుడి వెలుగంతా దాని బ్రహ్మాండమైన బరువు చలవే.

మనం తినేది శక్తి కోసమే కదా? 'ఋణ (నెగెటివ్) ఎంట్రోపీని తింటాం' అన్న మాటకు అర్థం ఏమిటి?

ఎదిగిన మనిషి బరువు, ఒంట్లో ఉన్న శక్తి ఏడాది పొడవునా దాదాపు అంతే ఉంటాయి. వచ్చిన శక్తి వచ్చినట్టే పోతుంటే తినడం దేనికి? శరీరంలో నిరంతరం పుట్టే ఎంట్రోపీని వదిలించుకోవడానికి అన్నది ష్రోడింగర్ జవాబు. తక్కువ ఎంట్రోపీ ఉన్న పదార్థాన్ని తీసుకుని ఎక్కువ ఎంట్రోపీతో తిరిగి ఇస్తాం. ఆ తేడానే ఆయన ఋణ ఎంట్రోపీ అన్నారు. ఆ ఊపులో ఒక హాస్యం కూడా ఆడారు. బాగా ముందుకు పోయిన ఏదో దేశంలో హోటల్ మెనూల మీద ధరతో పాటు ప్రతి వంటకంలో ఎంత శక్తి ఉందో కూడా వేస్తారట, ఎంత అసంబద్ధం అని.

భౌతికశాస్త్రవేత్తలు ఊరుకోలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో అతిశీతల ఉష్ణోగ్రతల మీద పనిచేసే ఫ్రాంజ్ సైమన్ వేసిన ప్రశ్న సూటిగా ఉంది: క్రమమే ముఖ్యమైతే బొగ్గు తినవచ్చు కదా, వజ్రాల గుజ్జు తినవచ్చు కదా? స్ఫటికంలో ఉన్నంత క్రమం అన్నంలో ఎక్కడుంది? ష్రోడింగర్ దీనికి ఎదురువాదన చేయలేదు. ఆరో అధ్యాయం చివర ఒక గమనిక చేర్చి, సైమన్ మాట సరైనదేనని రాశారు. కేవలం భౌతికశాస్త్రవేత్తల కోసం రాసి ఉంటే స్వేచ్ఛా శక్తి (పనికి మార్చుకోగలిగే శక్తి) గురించే మాట్లాడేవాడినని, సామాన్య పాఠకుడికి అది మామూలు శక్తిలా వినిపిస్తుందని మానేశానని చెప్పారు. ఒంటి వేడి నిలబడాలంటే ఆహారంలోని శక్తి కూడా ముఖ్యమే కాబట్టి, మెనూల మీద తాను ఆడిన హాస్యం తగనిదని కూడా ఒప్పుకున్నారు. ఆ పేజీ కోసమైనా పుస్తకం చదవాలని నేను పిల్లలకు చెబుతుంటాను.

ఇప్పుడు మన నగరాల్లోనూ పెద్ద హోటళ్ల మెనూల మీద కేలరీలు వేస్తున్నారు. ఆ అంకె తప్పు కాదు. అది మొత్తం శక్తిని చెబుతుంది. అందులో మన కణాలు పనికి మార్చుకోగలిగేది ఎంత అన్నది స్వేచ్ఛా శక్తి లెక్క.

పరిణామ సిద్ధాంతం రెండో నియమానికి విరుద్ధం అంటున్నారు, నిజమేనా?

నిజం కాదు, ఎంతమంది చెప్పినా. ఆ వాదన భూమిని మూతబిగించిన డబ్బాగా ఊహిస్తుంది. సుమారు 5,800 కెల్విన్ల ఉపరితలం ఉన్న సూర్యుడి నుంచి భూమికి శక్తి అందుతోంది. అంతే శక్తిని భూమి సుమారు 255 కెల్విన్ల వస్తువులా అంతరిక్షంలోకి వెళ్లగొడుతోంది. వచ్చిన ఒక్కో ఫోటాన్‌కు (వెలుగు రేణువుకు) బదులు తక్కువ శక్తి ఉన్న ఇరవై చిల్లర ఫోటాన్లు పోతాయి. శక్తి పద్దు సరిసమానం, ఎంట్రోపీ పద్దులో మాత్రం పెద్ద తేడా. ఆ తేడాలో అడవులు, చేపలు, మనం, మన పత్తి చేలు అన్నీ ఇమిడిపోగా ఇంకా ఎంతో మిగులుతుంది.

అయితే తేడా ఉన్నంత మాత్రాన జీవం పుట్టి తీరాలని ఏమీ లేదు. చంద్రుడి మీదా అదే ఎండ పడుతోంది. అనుమతి వేరు, కారణం వేరు.

ష్రోడింగర్ చెప్పింది తర్వాత తప్పని తేలిందా?

కొంత నిలిచింది, కొంత పోయింది. జన్యువు 'ఆవర్తనం లేని స్ఫటికం' (ఒకే నమూనా పదేపదే తిరిగి రాని స్ఫటికం) లాంటి అణువై ఉండాలని, అందులో ఒక సంకేత లిపి దాగి ఉంటుందని ఆయన అన్నారు. డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టిన వాట్సన్, క్రిక్ ఇద్దరూ ఆ పుస్తకం తమపై ప్రభావం చూపిందని చెప్పారు. 1953 ఆగస్టులో క్రిక్ తమ పరిశోధన పత్రాలు జతచేసి ష్రోడింగర్‌కు ఉత్తరం కూడా రాశారు. కానీ జన్యు పదార్థం ప్రోటీన్ కావచ్చన్నది ష్రోడింగర్ ఊహ. జీవంలో కొత్త భౌతిక నియమాలు బయటపడవచ్చన్న ఆశ కూడా ఫలించలేదు.

హీమోగ్లోబిన్ నిర్మాణం తేల్చిన మాక్స్ పెరుట్జ్ 1987లో గట్టిగానే విమర్శించారు: అందులో నిజమైనది కొత్తది కాదు, కొత్తదాంట్లో చాలా భాగం అప్పటికే తప్పని తెలిసినది అన్నారు. పెరుట్జ్ లెక్క సరైనదే. అయినా ఒక తరం భౌతికశాస్త్రవేత్తలను జీవశాస్త్రం వైపు మళ్లించినదీ ఆ పుస్తకమే.

ఆ పుస్తకంలో ఉపనిషత్తుల ప్రస్తావన ఉంది కదా? వేదాంతాన్ని సైన్సు నిరూపించినట్టేనా?

ప్రస్తావన ఉంది, నిరూపణ లేదు. శరీరం ప్రకృతి నియమాల ప్రకారం నడిచే యంత్రమైతే 'నేను నడుపుతున్నాను' అన్న అనుభవం ఏమిటి అన్న ప్రశ్నకు, చివరి మాటలో ఆయన ఆత్మ, బ్రహ్మం ఒకటేనన్న ఉపనిషత్ భావాన్ని తెచ్చారు. జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్ రచనల ద్వారా యౌవనంలోనే వేదాంతం మీద ఏర్పడిన మక్కువ ఆయనకు జీవితాంతం ఉంది. అయితే విజ్ఞానశాస్త్ర భాగం పక్షపాతం లేకుండా రాశాను కాబట్టి, ఇప్పుడు నా వ్యక్తిగత అభిప్రాయం చెప్పుకోనివ్వండని అనుమతి అడిగి మరీ ఆ మాట చెప్పారు. ఫోన్లలో తిరిగే సందేశాల్లో ఎగిరిపోయేది సరిగ్గా ఆ అనుమతి వాక్యమే.

## మనుషుల లోకానికి అన్వయించబోయేటప్పుడు

ఎండాకాలం మనిషి ఎంత వేడి తట్టుకోగలడో ఉష్ణగతికశాస్త్రం చెప్పగలదా?

చెప్పగలదు. నా దృష్టిలో ఈ శాస్త్రం మనిషికి ఇచ్చిన అత్యంత సూటైన జవాబు ఇదే. ఊరికే కూర్చున్నా 100 వాట్ల వేడి బయటికి పోవాలి. చర్మం సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపు వేడి దానంతట అదే పోతుంది. రెంటచింతలలో 45 డిగ్రీల రోజున వేడి వెనక్కి, ఒంట్లోకే వస్తుంది. అప్పుడు మిగిలిన దారి చెమట ఒక్కటే. లీటరు చెమట ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్లు తీసుకుపోతుంది. కూర్చున్న మనిషికి గంటకు 150 మిల్లీలీటర్లు ఆవిరైతే చాలు, అదీ బయటి నుంచి వేడి తోడవకపోతే. కూలి పని చేస్తూ 400 వాట్లు పుట్టించేవారికి 600 మిల్లీలీటర్లు కావాలి.

కీలకం 'ఆవిరైతే' అన్న మాటలో ఉంది. ఒంటి మీద నుంచి కారి నేల మీద పడిన చెమట చుక్క వేడిని తీసుకుపోదు, ఒంట్లో నీటిని మాత్రం తీసుకుపోతుంది. రోహిణి కార్తెలో మచిలీపట్నం ఉక్కపోతలో 38 డిగ్రీలు, పొడిగా ఉన్న చోట 44 డిగ్రీల కంటే ప్రమాదకరం కావచ్చు. థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి కొలిచే తడి బల్బు ఉష్ణోగ్రత వేడినీ తేమనూ కలిపి చెబుతుంది. అది 35 డిగ్రీలు చేరితే నీడలో, గాలి తగిలేలా కూర్చున్న ఆరోగ్యవంతుడికైనా వేడి పోయే దారి మూసుకుపోతుందని శాస్త్రవేత్తలు షెర్వుడ్, హ్యూబర్ 2010లో లెక్కకట్టారు. తర్వాత అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న యువకులపై చేసిన ప్రయోగాల్లో తేమ వాతావరణంలో హద్దు సుమారు 31 డిగ్రీల దగ్గరే కనిపించింది. ముసలివారికి, రోగులకు ఇంకా తక్కువ.

2015 మేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. హద్దు ఎక్కడుందో శాస్త్రం చెబుతుంది. ఆ మధ్యాహ్నం పొలంలో, రోడ్డు పనుల్లో ఎవరు ఉండాల్సి వచ్చిందన్నది కూలి రేట్లు చెప్పే విషయం.

ఫ్రిజ్ తలుపు తీసి పెడితే గది చల్లబడుతుందా?

చల్లబడదు, ఇంకాస్త వేడెక్కుతుంది. లోపలి నుంచి తీసిన వేడితో పాటు మోటారు వాడిన కరెంటు కూడా వెనకవైపు నుంచి అదే గదిలోకి వేడిగా వస్తుంది. ఏసీ పనిచేయడానికి కారణం దాని వేడి వైపు వీధిలో ఉండటం. ఆ వేడి ఎక్కడికీ పోదు, పక్కింటి కిటికీలోకి పోతుంది. పెళ్లికి 300 మంది వచ్చిన కల్యాణ మండపంలో మనుషుల వేడే 30 కిలోవాట్లు. దాన్ని తోడెయ్యడానికే ఎనిమిదిన్నర టన్నుల ఏసీ కావాలి. దీపాలు, వంటశాల, ఎండ వేడి ఇందులో లేవు.

ముసలితనం ఎంట్రోపీ వల్లనే వస్తుందా?

అలా చెప్పేస్తే తేలిగ్గా ఉంటుంది కానీ చాలదు. నిరంతరం ఆహారం అందుతూ మరమ్మతు చేసుకునే శరీరం అరిగి తీరాలని రెండో నియమం శాసించదు. చిట్టెలుక రెండు మూడేళ్లు బతుకుతుంది. దానికంటే తేలికైన బ్రాండ్ట్ గబ్బిలం ఒకటి సైబీరియాలో 41 ఏళ్ల తర్వాత మళ్లీ పట్టుబడింది. ఇద్దరికీ ఉష్ణగతిక నియమాలు ఒకటే. మరమ్మతు మీద ఎంత ఖర్చుపెట్టాలన్నది పరిణామం తేల్చిన విషయం.

డబ్బు పంపిణీకి వాయు అణువుల లెక్క వర్తిస్తుందా?

కొంతవరకు, ఆశ్చర్యపోయేంత వరకు. మేఘనాథ్ సాహా, బి.ఎన్. శ్రీవాస్తవ 1931 నాటి తమ ఉష్ణశాస్త్ర పాఠ్యగ్రంథంలోనే అణువుల వేగాల పంపిణీని చెబుతూ ఆదాయాల పంపిణీని పోలికగా తెచ్చారు. 2000లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ద్రాగులెస్కు, యాకొవెంకో ఒక నమూనా కట్టారు. అందరి దగ్గరా సమానంగా డబ్బు ఉంచి, ఇద్దరిద్దరు కలిసినప్పుడల్లా కొంత చేతులు మారనిస్తే, మొత్తం మారకపోయినా చివరికి కొద్దిమంది దగ్గర ఎక్కువ, చాలామంది దగ్గర తక్కువ మిగులుతుంది. ఎవరూ మోసం చేయనక్కరలేదు. అమెరికా ఆదాయపు పన్ను లెక్కల్లో దాదాపు 97 శాతం మందికి ఈ ఘాతాంక వక్రరేఖ (సొమ్ము పెరిగేకొద్దీ మనుషుల సంఖ్య వేగంగా తగ్గే రేఖ) సరిపోయింది. పైనున్న 3 శాతానికి సరిపోలేదు. వారిది ఇటలీ ఆర్థికవేత్త పరేటో చెప్పిన వేరే రేఖ.

'అయితే అసమానత ప్రకృతి సహజం' అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ప్రతి ఒక్కరూ తమ సొమ్ములో కొంత భాగం దాచుకుని మిగతాదే మారకానికి పెడతారని నియమం మార్చగానే రేఖ ఆకారమే మారిపోతుందని కోల్‌కతాలో బికాస్ చక్రవర్తి బృందం అదే ఏడాది చూపింది. నియమాలు అణువులకు ప్రకృతి పెట్టింది, సంతకు మనం పెట్టుకున్నాం. పైగా బ్యాంకు అప్పు ఇచ్చినప్పుడు డబ్బు పుడుతుంది, పంట పండినప్పుడు సంపద పుడుతుంది. అణువుల ఢీకొట్లలో శక్తి అలా పుట్టదు. ఈ అభ్యంతరాన్ని 2006లో కొందరు ఆర్థికవేత్తలు గట్టిగానే లేవనెత్తారు.

మనుషులు అణువులు కారు కదా? భౌతికశాస్త్రాన్ని సమాజానికి అంటగట్టడం ఏమిటి?

కోపం న్యాయమైనదే. కానీ అప్పు మొదట తీసుకున్నది భౌతికశాస్త్రమే. జననాలు, నేరాలు, సైనికుల ఛాతీ కొలతలు లెక్కవేసి సగటు మనిషిని ఊహించిన బెల్జియం గణాంకవేత్త క్వెట్లే గురించి చదివిన తర్వాతే భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ వాయు అణువుల వేగాలకు అదే తీరు లెక్క కట్టారు. ఒక్కొక్క అణువునూ పట్టించుకోకుండా జనాభా లెక్కల్లా గుంపులుగా లెక్కించడమే తమ పద్ధతి అని 1873లో ఆయనే చెప్పారు.

ఆనందానికి శక్తి సూత్రం ఉందని చదివాను. నిజమా?

విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ పని అది. 1909లో రసాయనశాస్త్ర నోబెల్ పొందిన మనిషి. ఇష్టంగా ఖర్చుపెట్టిన శక్తి వర్గం నుంచి అయిష్టంగా ఖర్చయిన శక్తి వర్గాన్ని తీసేస్తే ఆనందం వస్తుందని సూత్రం రాశారు. ఆ లెక్కన ఆనందానికి ప్రమాణం జౌల్ వర్గం! సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ ఈ ధోరణిని అప్పట్లోనే చీల్చిచెండాడారు. నవ్వుకోవడానికి బాగుంటుంది, పరీక్షలో రాయకండి.

నాగరికతలు క్షీణించడం కూడా రెండో నియమమేనా?

అమెరికా చరిత్రకారుడు హెన్రీ ఆడమ్స్ 1910లో చరిత్ర ఉపాధ్యాయులను ఉద్దేశించి దాదాపు అలాగే రాశారు. శక్తి నిరంతరం పనికిరాని రూపంలోకి జారిపోతోందన్న భౌతికశాస్త్రవేత్త కెల్విన్ మాట పట్టుకుని, మనిషి ఆలోచన కూడా జారుతోందన్నారు. అదే ఏడాది, చనిపోవడానికి రెండు నెలల ముందు, అనారోగ్యంతో ఉన్న తత్వవేత్త విలియం జేమ్స్ ఆయనకు రాసిన జవాబు నాకు ఎక్కువ నచ్చుతుంది. ఒక ఏర్పాటుకు ఎంత శక్తి ఖర్చయిందన్నదానికీ, మనిషికి అది ఎంత విలువైనదన్నదానికీ సంబంధం లేదు. అదే శక్తితో చెత్త వాక్యమూ రాయవచ్చు, మంచి పద్యమూ రాయవచ్చు. ఈ చివరి ఉదాహరణ నాది, వాదన ఆయనది.

ఆలోచించడానికి, మరచిపోవడానికి కూడా శక్తి కావాలా?

కావాలి. మెదడు సుమారు 20 వాట్లు వాడుతుంది. ఒంటి బరువులో 2 శాతం, ఖర్చులో 20 శాతం. ఒక బిట్ సమాచారాన్ని చెరిపేయడానికి గది ఉష్ణోగ్రతలో కనీసం ఎంత వేడి విడుదల కావాలో రోల్ఫ్ లాండవర్ 1961లో లెక్కించారు. జౌల్‌ను కోటి కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో సుమారు మూడు భాగాలంత. 2012లో ఫ్రాన్సులో ఒక్క సూక్ష్మకణంతో ప్రయోగం చేసి ఆ హద్దు నిజమేనని చూశారు. మెదడు, కంప్యూటర్ రెండూ ఆ కనిష్ఠానికి చాలా పైన ఖర్చు చేస్తాయి.

## చదవాలనుకునేవారికి

గణితం రాకుండా ష్రోడింగర్ పుస్తకం చదవగలమా?

చదవగలం. సూత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఇంటర్ స్థాయి లాగరిథమ్‌లు వస్తే చాలు. జన్యువుల అధ్యాయాలు పాతబడ్డాయి, తొలిసారి వేగంగా దాటిపోయినా నష్టం లేదు. ఆరో అధ్యాయం నెమ్మదిగా చదవండి. దాని చివరి గమనిక ఉన్న ముద్రణే తీసుకోండి, తొలి ముద్రణ నకళ్లలో అది ఉండదు.